తండ్రిగారు పోయాక బ్యాంకు ఖాతాలు తేల్చుకోవడం: మా ఇంటి అనుభవం

మీ నాన్నగారు పోయి రెండు నెలలైందని, ఆయనకు రెండు బ్యాంకుల్లో ఖాతాలున్నాయని, ఒకదానికి మీ అమ్మగారు నామినీ కాగా రెండోదానికి నామినీయే లేరని రాశారు. ఎ.టి.ఎం. కార్డూ పిన్నూ మీ దగ్గరే ఉన్నాయి కనుక డబ్బు తీసేసుకుంటే సరిపోదా అని కూడా అడిగారు. ముందు ఆ చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను: తీయకండి.

2023 కార్తీకంలో మా నాన్నగారు పోయినప్పుడు మేము సరిగ్గా ఆ పనే చేశాం. పెద్దకర్మ ఖర్చులకని మా తమ్ముడు రెండు విడతలుగా ఇరవై వేలు తీశాడు. నాన్న డబ్బు నాన్న కర్మకే వాడుతున్నాం కదా అనుకున్నామే గాని, అందులో తప్పుందన్న ఊహ కూడా మాకు రాలేదు. కానీ ఖాతాదారు కన్నుమూశాక ఆ కార్డు వాడే అధికారం ఇంకెవరికీ ఉండదు, ఖాతాలో ఉన్నది వారసులందరి సొమ్ము అవుతుంది. తరువాత క్లెయిమ్ ఫారం పట్టుకుని వెళ్లినప్పుడు అక్కడి అధికారి మరణ ధ్రువపత్రాన్నీ స్టేట్‌మెంటునూ పక్కపక్కన పెట్టి, ఆ రెండు పద్దుల కింద పెన్సిలుతో గీత గీసి, ‘ఇవి ఎవరు తీశారు?’ అని అడిగారు. తీసినవారి పేరు, మిగతా వారసులకు అభ్యంతరం లేదన్న మాట రాయించి, అందరి చేతా సంతకాలు చేయించుకున్నాకే మా కాగితాలు ముందుకు కదిలాయి. మేము కలిసి ఉన్నాం కనుక సరిపోయింది గాని, అన్నదమ్ముల మధ్య పొరపొచ్చాలున్న ఇంట్లో అయితే వ్యవహారం అక్కడే చిక్కుపడిపోయేది.

ఇంకొక సంగతి కూడా అప్పుడే బయటపడింది. నాన్నగారు జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు, ఆయనకు భవిష్య నిధి (పి.ఎఫ్.) నుంచి నెలనెలా చిన్న పింఛను వచ్చేది. మేము మరణం సంగతి వెంటనే తెలియజేయకపోవడంతో ఆయన పోయిన తరువాత కూడా రెండు నెలల పింఛను ఖాతాలో పడింది. అది వెనక్కి ఇవ్వవలసిన సొమ్ము. కాబట్టి పాస్‌బుక్‌లో చివర కనబడే నిల్వంతా పంచుకోవలసిన మొత్తం అనుకోకండి. మీ నాన్నగారికి ఏ పింఛను వచ్చినా ముందు ఆ కార్యాలయానికి కబురు పెట్టండి, అక్కడే మీ అమ్మగారి వితంతు పింఛనుకు దరఖాస్తు కూడా ఇవ్వవచ్చు. భవిష్య నిధి పింఛనైతే దానికి 10-డి ఫారం ఉంటుంది.

ఇక అసలు విషయం. బ్యాంకు పని అనగానే మనమంతా కోర్టు, వకీలు అని భయపడతాం గాని, మా ఇంట్లో ఎనిమిది నెలలు తిన్నది చట్టం కాదు, పేర్లు. నాన్నగారు విశాఖలో ఆసుపత్రిలో పోయారు. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది కాబట్టి ధ్రువపత్రం మా ఊరి పంచాయతీ నుంచి కాక విశాఖ నుంచి రావాలి. ఆసుపత్రి ఫారంలో వివరాలు రాయించింది మా బావగారు. ఆ కంగారులో ఆయన అందరం పిలిచే పేరే రాయించారు, ఇంటిపేరు వదిలేశారు. ఆధార్‌లో ఒక తీరు, పాస్‌బుక్‌లో ఒక తీరు, మరణ ధ్రువపత్రంలో మూడో తీరు. మన ప్రాంతంలో అప్పలనరసమ్మ అన్న పేరును ఒకరు కలిపి రాస్తారు, ఒకరు విడదీసి రాస్తారు, మరొకరు పొడి అక్షరం పెట్టి నరసమ్మ అని ముగిస్తారు. సింహాచలం అంటే ఆడో మగో కాగితం చూసి చెప్పలేం. ఊళ్లో ఇబ్బంది లేని ఈ అలవాటంతా బ్యాంకు బల్ల మీదకు వచ్చేసరికి అనుమానంగా మారుతుంది. ఆ ధ్రువపత్రం సరిదిద్దించడానికి మేము రెండుసార్లు విశాఖ తిరిగాం. మీరు మరణ ధ్రువపత్రం తీసుకున్న రోజే ఆధార్, పాస్‌బుక్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసుకోండి. అసలు ప్రతులు ఐదారైనా తీసి ఉంచండి.

పేర్ల చిక్కులో మా రాజాం వాళ్లకు జిల్లా పేరు కూడా కలిసింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. పాస్‌బుక్‌లో శ్రీకాకుళం జిల్లా అని, కొత్త పత్రాల్లో విజయనగరం జిల్లా అని ఉండేసరికి, వేరే రాష్ట్రం నుంచి బదిలీ మీద వచ్చిన ఒక అధికారి ఇవి రెండు వేర్వేరు చిరునామాలేమోనని సందేహించారు. ఊరు కదలలేదు, జిల్లాయే కదిలిందని చెప్పి ఒక డిక్లరేషన్ రాసిస్తే ఆ సందేహం తీరిపోయింది. మీది శ్రీకాకుళంలోనే ఉండిపోయిన నరసన్నపేట కనుక మీకు ఈ తలనొప్పి రాదు.

నామినీ ఉన్న ఖాతా సంగతి తేలిక. క్లెయిమ్ ఫారం, మరణ ధ్రువపత్రం, నామినీ గుర్తింపు, చిరునామా పత్రాలు ఇస్తే చాలు. నామినీ ఉన్నచోట కోర్టు ఇచ్చే వారసత్వ ధ్రువపత్రం, ఇండెమ్నిటీ బాండు (తరువాత బ్యాంకుకు నష్టం వస్తే మేము భరిస్తామన్న హామీ పత్రం), జామీనుదారు కావాలని అడగకూడదని రిజర్వు బ్యాంకు 2005లోనే చెప్పింది. అయినా మా విషయంలో ఒక శాఖలో, ఆ బ్యాంకు పేరెందుకు గాని, నామినీ ఉన్న డిపాజిట్‌కు ఇద్దరు జామీనుదారులను తీసుకురమ్మన్నారు. మేము వాదన పెట్టుకోలేదు. ఏ నిబంధన ప్రకారం అడుగుతున్నారో కాగితం మీద రాసివ్వమని దరఖాస్తు ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకున్నాం. నాలుగు రోజుల తరువాత జామీను మాట మళ్లీ ఎత్తలేదు. నోటితో అడిగిన దానికి నోటితో జవాబు చెబుతూ తిరగడం కంటే ఇదే మేలని నా అభిప్రాయం.

ఆ డిపాజిట్‌కు నామినీ మా అప్ప, అంటే అక్క. పెళ్లికి ముందు రాయించినది కాబట్టి అందులో పుట్టింటి ఇంటిపేరుంది, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరుంది. ఆ రోజుల్లో పెళ్లి రిజిస్టరు చేయించడం మా ఊళ్లో ఎవరికీ తెలియదు. ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ ఇచ్చాం, అందుకు ఆధారంగా పదో తరగతి సర్టిఫికెట్ జతచేశాం. డిపాజిట్ గడువు ఇంకా తీరకపోయినా, ఖాతాదారు మరణం వల్ల తీస్తున్నది కనుక ముందుగా తీసినందుకు జరిమానా వేయలేదు, వేయకూడదు కూడా.

అప్ప చేతికి డబ్బు వచ్చిందంటే అదంతా అప్పదే అయిందని కాదు. నామినీకి ఇవ్వడంతో బ్యాంకు బాధ్యత తీరుతుంది, ఆ డబ్బు మీద వారసుల హక్కు మాత్రం తీరదు. నామినీ సొమ్ము అందుకునే మనిషే గాని యజమాని కాదని సుప్రీంకోర్టు 2010లో కూడా చెప్పింది. వీలునామా లేని హిందూ కుటుంబంలో 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన భాగాలు వస్తాయి. అలాగే పోయిన మనిషి తల్లి బతికి ఉంటే ఆమెకూ సమాన భాగం ఉంటుంది. ఈ చివరి మాట చాలామంది మరచిపోతారు, మేమూ మరచిపోయాం. కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి గ్రామ సచివాలయంలో దరఖాస్తు పెట్టినప్పుడు అమ్మ పేరు, మా ముగ్గురి పేర్లు రాసి ఊరుకున్నాం. విచారణకు వచ్చిన వీఆర్వో అరుగు మీద కూర్చున్న నాయనమ్మను చూసి, ‘ఈ మామ్మగారి పేరేదండీ?’ అన్నారు.

ఆమె పేరు చేరడం వల్ల నామినీ లేని రెండో ఖాతాకు ఆమె వేలిముద్ర కూడా అవసరమైంది. తొంభై దాటిన మనిషిని ఆటోలో రాజాం తీసుకెళ్లాం. బ్యాంకుకు నాలుగు మెట్లున్నాయి, ఆమె ఎక్కలేదు. లోపలికి వెళ్లి చెబితే ఒక ఉద్యోగిని స్టాంపు ప్యాడు, ఫారం, ఒక పాత రిజిస్టరు పట్టుకుని ఆటో దగ్గరికే వచ్చారు. రిజిస్టరును నాయనమ్మ ఒడిలో బల్లలా పెట్టి, ఎడమచేతి బొటనవేలు ప్యాడు మీద అద్ది, మూడుచోట్ల వేయించారు. మూడోది సరిగ్గా పడలేదు, అరిగిపోయిన వేలు. తన చీర చెంగుతోనే ఆ వేలు తుడిచి మళ్లీ వేయించారు. నాయనమ్మ మాత్రం, ‘కొడుకు డబ్బు నాకెందుకు, ఆ గుంటలకే ఇచ్చీండి’ అంటూనే ఉంది. గుంటలంటే మా వైపు పిల్లలు. చదువురాని పెద్దలు మీ ఇంట్లో ఉంటే ముందు రోజే వెళ్లి మేనేజరుతో మాట్లాడుకోండి. వేలిముద్రకు సాక్షి సంతకం కావాలి, ఆ సాక్షిని కూడా వెంటబెట్టుకు వెళ్లండి.

మా కాలంలో నామినీ లేని ఖాతాలకు ఎంతవరకు కోర్టు పత్రం అక్కరలేదన్నది ఒక్కో బ్యాంకు ఒక్కో తీరుగా చెప్పేది. ఇప్పుడు ఆ గందరగోళం తగ్గింది. 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు కొత్త ఆదేశాలిచ్చి, 2026 మార్చి 31లోగా అమలు చేయమంది. వాటి ప్రకారం వాణిజ్య బ్యాంకుల్లో కనీసం 15 లక్షల వరకు, సహకార బ్యాంకుల్లో 5 లక్షల వరకు, వారసుల మధ్య తగాదా లేకపోతే కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం అడగనక్కర్లేదు. డబ్బు తీసుకునేవారు ఇండెమ్నిటీ బాండు ఇవ్వాలి, తీసుకోని వారసులు తమకు అభ్యంతరం లేదని రాసివ్వాలి, వారసులెవరో తెలిపే పత్రం జతచేయాలి. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో బ్యాంకు తేల్చాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే ‘బ్యాంకు రేటు’ మీద మరో 4 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలి. అందుకే కాగితాలు ఇచ్చిన రోజు తేదీతో రసీదు తీసుకోవడం మరవకండి. రసీదు లేకపోతే ఆ 15 రోజులు ఎప్పుడు మొదలయ్యాయో మీరు నిరూపించలేరు.

పాస్‌బుక్‌లో గత రెండు మూడేళ్ల మే, జూన్ నెలల పద్దులు కూడా ఓపికగా చూడండి. 436 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 20 రూపాయలు కట్ అయి ఉంటే సురక్షా బీమా. మొదటిది ఏ కారణంతో పోయినా 2 లక్షలు ఇస్తుంది గాని 55 ఏళ్ల వరకే వర్తిస్తుంది. రెండోది 70 ఏళ్ల వరకు ఉంటుంది, ప్రమాద మరణానికి మాత్రమే. పాము కాటు, చెట్టు మీద నుంచి పడటం కూడా ప్రమాదం కిందికే వస్తాయి, కాకపోతే ఆసుపత్రి కాగితం ఉండాలి. కొబ్బరి, జీడితోటలున్న మన ఊళ్లలో ఈ సంగతి తెలియక వదిలేసినవారిని నేను ఎరుగుదును.

ట్రంకు పెట్టెలో పాత పాస్‌బుక్‌లు కనబడితే పారేయకండి. మా నాన్నగారి పెట్టె అడుగున విశాఖ గ్రామీణ బ్యాంకు పుస్తకం ఒకటి దొరికింది. ఆ బ్యాంకు 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో కలిసింది, అదీ 2025 మే నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమైంది. ఆంధ్రా బ్యాంకు పుస్తకమైతే 2020 ఏప్రిల్ నుంచి యూనియన్ బ్యాంకులో అడగాలి. పదేళ్లు కదలని ఖాతా సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి వెళ్లిపోయినా, వారసులు అదే బ్యాంకు ద్వారా తిరిగి అడగవచ్చు. ఉద్గమ్ అనే వెబ్‌సైటులో పేరు మీద వెతకవచ్చు కూడా, అక్కడా పేరును రెండు మూడు తీరుల్లో కొట్టి చూడాలి. మా పుస్తకంలో ఉన్నది వెయ్యి లోపే, దాన్ని అలాగే వదిలేశాం.

మీ నాన్నగారి ఫోన్ నంబరు రీచార్జి మాత్రం ఆపకండి, మిగిలిన ఖాతాల జాడ ఆ మెసేజీల్లోనే తెలుస్తుంది. రెండో ఖాతాలో ఎంతుందో మీరు రాయలేదు. అది 15 లక్షల లోపైతే రేపే సచివాలయానికి వెళ్లి కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టండి, మీ నాయనమ్మగారు ఉంటే ఆమె పేరు కూడా రాయండి. మాకు అది చేతికి రావడానికి మూడు వారాలు పట్టింది, మీ అమ్మగారు నామినీగా ఉన్న ఖాతా పని ఈలోపే పూర్తి చేసుకోవచ్చు.