వరి మడి నుంచి ప్రజాభిప్రాయ సేకరణ దాకా: వాతావరణం మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: మాది సూర్యాపేట జిల్లా. నాన్న బోరు కింద మూడెకరాల వరి వేస్తాడు. ఒక కంపెనీ వాళ్లు ఊరికొచ్చి, మడిలో నీళ్లు తగ్గిస్తే కార్బన్ క్రెడిట్ల డబ్బులొస్తాయని, పాసుపుస్తకం జిరాక్సు, ఆధార్ ఇచ్చి సంతకం పెట్టమంటున్నారట. అసలు వరికీ భూమి వేడెక్కడానికీ సంబంధమేంటి? సంతకం పెట్టొచ్చా?

జవాబు: సంబంధం ఉంది. మడిలో రోజుల తరబడి నీళ్లు నిలిస్తే కింద మట్టికి గాలి అందదు. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు అక్కడున్న కొయ్యకాళ్లనీ, పశువుల ఎరువునీ కుళ్లబెడుతూ మీథేన్ అనే వాయువు తయారుచేస్తాయి, అది ఎక్కువగా వరి మొక్క లోపలి నాళాల్లోంచే పైకొచ్చేస్తుంది. మీథేన్ గాలిలో పన్నెండేళ్లు అటూ ఇటుగా ఉండి పోతుంది గానీ, 20 ఏళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. అలాగని మీ నాన్నగారు ఏదో నేరం చేస్తున్నట్టు కాదు, వందేళ్లకు పైగా బొగ్గూ పెట్రోలూ తగలేసిన దేశాల ముందు ఆయన మూడెకరాలు ఏ మూలకి? మడిని ఆరనిస్తూ తడపడం, అంటే ఆరుతడి, వల్ల ముందు లాభపడేది ఆయన బోరే కాబట్టి చెబుతున్నా.

అడుగు పొడవు పీవీసీ పైపు ముక్క తీసుకుని కింది సగానికి చిల్లులు పెట్టి, ఆ చిల్లులున్న భాగం నేలలోకి దిగేలా మడిలో పాతి, లోపలి మట్టి తీసేయాలి. పైపులో నీళ్లు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగాక మళ్లీ రెండంగుళాలు పెట్టాలి, అంతే. నాటు వేసిన మొదటి రెండు వారాలు మాత్రం నీళ్లు నిలపాలి, లేదంటే కలుపు తన్నుకొస్తుంది. పూతకు ముందూ వెనకా వారం ఆరనివ్వకూడదు, తాలు గింజ వస్తుంది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చాలా ఏళ్లుగా చెబుతున్న పద్ధతి ఇది. సరిగ్గా చేస్తే నీళ్లు 30 శాతం దాకా మిగులుతాయి, మీథేన్ దాదాపు సగం తగ్గుతుంది, దిగుబడి పోదు. ఒక్క జాగ్రత్త, ఆరిన మడిలో యూరియా ఎడాపెడా చల్లితే నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువు లేస్తుంది, వేడిని పట్టి ఉంచడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 270 రెట్ల ఘాటు.

మరి ఇంత మంచిదైతే అందరూ ఎందుకు చేయట్లేదు అంటే, పట్నంలో కూర్చుని సలహాలిచ్చే మాలాంటి వాళ్లకు ఒక సంగతి తట్టదు. పొలానికి కరెంటు ఉచితం, కాబట్టి నీళ్లు మిగిల్చినా రైతు జేబులో రూపాయి మిగలదు. రేపు కరెంటు పోతే, మోటారు కాలితే అన్న భయం వేరే, అందుకే ఉన్నప్పుడే మడి నింపి పెట్టుకుంటాడు. ఇక కాలువ చివరి ఆయకట్టు రైతుకైతే ఎంపికే లేదు, నీళ్లు వచ్చిన రోజే నింపుకోవాలి. బోరు మీ చేతిలో ఉంది కాబట్టి మీకు కుదురుతుంది. ముందు ఒక మడిలో చేసి చూడమనండి.

సంతకం సంగతి. ఒక క్రెడిట్ అంటే ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన వాయువు తగ్గించినట్టు. ఎవరో వచ్చి కొలిచి, తనిఖీ చేసి, అవునని రాసిచ్చాకే అది అమ్ముడుపోతుంది, కాబట్టి డబ్బు ఈ పంటకే చేతికొస్తుందని ఎవరైనా అంటే నమ్మొద్దు. 2024 ఆగస్టులో కార్బన్ క్రెడిట్లను ధ్రువీకరించే వెర్రా అనే అంతర్జాతీయ సంస్థ చైనాలోని 37 వరి ప్రాజెక్టులను లెక్కల్లో నాణ్యత లేదని తిరస్కరించింది. కాబట్టి కాగితం తెలుగులో ఇమ్మనండి. ఎన్నేళ్ల ఒప్పందం, అమ్మిన ధరలో రైతు వాటా ఎంత, తనిఖీ ఖర్చు ఎవరిది, మధ్యలో మానుకుంటే జరిమానా ఉందా, ఇవి అందులో రాసి ఉండాలి. నోటిమాటగా చెప్పి సరే అనిపించుకునే వాళ్లయితే టీ ఇచ్చి పంపేయండి. పొలం కౌలుదైతే డబ్బు పట్టాదారుకి పోతుందా, చేసిన మనిషికా అన్నది కూడా అక్కడే తేల్చుకోవాలి. సంతకం పెట్టకపోయినా ఆరుతడికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ప్రశ్న: విజయవాడలో పై అంతస్తు ఫ్లాట్. రాత్రి పదింటికి కూడా గోడలు సెగలు కక్కుతున్నాయి. రెండో ఏసీ కొనమంటున్నారు ఇంట్లో. పర్యావరణం అని నేను ఆగుతున్నా, పిల్లలకు నిద్ర లేదు.

జవాబు: పిల్లల నిద్ర మానిపించి కాపాడాల్సిన పర్యావరణం లేదమ్మా, గిల్టు వదిలేయండి. కాకపోతే ఏసీ కంటే ముందు డాబా సంగతి చూడండి. పైకప్పుకి తెల్ల రంగు పడితే చాలా ఎండ తిరిగి ఆకాశంలోకే పోతుంది, లోపల 2 నుంచి 5 డిగ్రీల తేడా వస్తుంది. మామూలు సున్నం కూడా పనిచేస్తుంది, వానలకు పోతుంది కాబట్టి ఏటా ఎండాకాలం ముందు వేసుకోవాలి. తెలంగాణ 2023లో దీనికోసం ఒక పాలసీయే తెచ్చింది, దేశంలో మొదటిది. ఆంధ్రాలో మీరు ఆ పాలసీ కోసం ఎదురుచూడక్కర్లేదు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ఒప్పిస్తే చాలు, అది అసెంబ్లీలో ఒప్పించడం కంటే కష్టమని నాకూ తెలుసు. అదే మీటింగ్‌లో సోలార్ కూడా ఎత్తండి. లిఫ్టు, మోటారు, మెట్ల లైట్ల లాంటి ఉమ్మడి వాడకానికి పెట్టుకుంటే పీఎం సూర్యఘర్ అనే కేంద్ర సోలార్ పథకం కింద కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. సొంత ఇల్లున్న వాళ్లకైతే మూడు కిలోవాట్లకు 78,000.

ఏసీ ఇప్పటికే ఉంటే 24 దగ్గర పెట్టి ఫ్యాన్ వేసుకోండి, ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం తగ్గుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో లెక్క. ఎవరూ పట్టించుకోనిది గ్యాస్. ఏటా మెకానిక్ వచ్చి గ్యాస్ టాపప్ చేసి డబ్బు తీసుకుంటున్నాడంటే ఎక్కడో లీకవుతోందని అర్థం, ఏసీ గ్యాస్ వాడితే అయిపోయేది కాదు. కొత్త ఏసీల్లో ఉండే ఆర్-32 అనే గ్యాస్ ఒక కిలో గాల్లో కలిస్తే 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, ఇంకొన్నిటిలో ఉండే ఆర్-410ఏ గ్యాస్ అయితే రెండు టన్నులు దాటుతుంది. ముందు లీకు పట్టి అతికించమనండి, ఆ తర్వాతే గ్యాస్.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. మా బాబాయి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో, వాతావరణ మార్పు అంతా తెల్లవాళ్ల నాటకం, మనల్ని ఎదగనివ్వకుండా చేయడానికే అని రోజూ ఏదో ఒకటి ఫార్వర్డ్ చేస్తాడు. ఎలా మాట్లాడాలి?

జవాబు: ముందు మీ బాబాయి చెప్పినదాంట్లో సగం నిజముందని ఒప్పుకోండి. భారతీయుడి సగటు కార్బన్ డయాక్సైడ్ ఏడాదికి రెండు టన్నుల దగ్గర, మీరుంటున్న దేశంలో పద్నాలుగు. మీరు ఒకసారి ఇండియా వచ్చి వెళ్తే ఆ విమానం వాటాయే ఇక్కడ ఒక మనిషి ఏడాది లెక్కకు సమానమవుతుంది. ఇది మీ నోటి నుంచి వస్తే ఆయన చెవి అప్పుడు తెరుచుకుంటుంది. మీ టెక్సాస్‌లోనే పనిచేసే వాతావరణ శాస్త్రవేత్త కేథరిన్ హేహో చెప్పేది కూడా ఇంచుమించు ఇదే, గ్రాఫులతో మొదలుపెట్టకండి, ఎదుటి మనిషి దేన్ని పట్టించుకుంటాడో అక్కణ్ణుంచి మొదలుపెట్టండి అని. గ్రూపులో వద్దు, నలుగురి ముందు ఓడిపోవడానికి ఏ బాబాయీ ఒప్పుకోడు. ఫోన్ చేసి మామిడి పూత ఎలా ఉందో అడగండి, వాతావరణం ఎలా మారిందో ఆయనే మాట్లాడతాడు.

ప్రశ్న: శ్రీకాకుళం జిల్లా నుంచి రాస్తున్నాం. మా ఊరి పక్కన పెద్ద ప్లాంట్ వస్తోందని, ప్రజాభిప్రాయ సేకరణ అని పేపర్లో ప్రకటన పడింది. వెళ్లి గట్టిగా అరిస్తే ఆగుతుందా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: అరిస్తే వీడియోలో అరుపు రికార్డవుతుంది, అంతకంటే ఏమీ కాదు. అది ఓటింగ్ కాదు, ఎంతమంది వద్దన్నారన్న లెక్కతో ఆగదు. ఏమన్నారు అన్నదే కాగితం మీదికి ఎక్కుతుంది. 2006 సెప్టెంబరు నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని అధికారి గానీ కూర్చోవాలి, మొత్తం వీడియో తీయాలి. కంపెనీ రిపోర్టు, దాని తెలుగు సారాంశం కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, పంచాయతీలో చూడ్డానికి పెట్టాలి. ఈ నెల రోజుల్లో చేయాల్సిన పని ఆ రిపోర్టు తెచ్చి, మీ ఊరి గురించి అందులో ఏం రాశారో చదవడం. చెరువుని బీడు అని రాశారా, చేపల వేట చేసుకునే వాళ్లను లెక్కలో కలపలేదా, వాన నీళ్లు పోయే గెడ్డ మ్యాపులో ఉందా?

మీ జిల్లాలోనే ఉదాహరణ ఉంది. సోంపేట దగ్గర బీల అనే చిత్తడి నేలలో థర్మల్ ప్లాంట్ పెట్టబోయినప్పుడు ఆ భూమిని పనికిరానిది అన్నారు. అది నీళ్లుండే తంపర నేల, దాని కింద వరి పండుతుంది, చేపలున్నాయి, పక్షులొస్తాయి అని జనం, వాళ్లతో పాటు కేంద్ర విద్యుత్ శాఖ మాజీ కార్యదర్శి ఈఏఎస్ శర్మ లాంటి వాళ్లు పట్టుబట్టారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, అది మర్చిపోలేని సంగతి. కానీ ఆ రోజుల్లోనే పర్యావరణ అప్పీలు అథారిటీ అనుమతిని రద్దు చేసింది, అక్కడ పనికొచ్చింది ఆ నేల గురించిన నిజాలే.

మీరూ అలాగే చేయండి. ఒక్కొక్కరు ఒక్కో విషయం పంచుకుని మాట్లాడండి, ఒకరు తాగునీళ్లు, ఒకరు పంట, ఒకరు వేట. చదువుకున్న వాళ్లే మాట్లాడాలన్న రూలేం లేదు, నలభై ఏళ్లుగా ఆ గెడ్డలో నీళ్లు చూసిన ముసలాయన మాట ఏ కన్సల్టెంట్ రిపోర్టుకీ తీసిపోదు. మాట్లాడింది రాతలో కూడా ఇచ్చి అందినట్టు స్టాంపు వేయించుకోండి, కాలుష్య నియంత్రణ మండలికి విడిగా పంపండి. చివర్లో మినిట్స్, అంటే సభలో ఎవరేమన్నారో రాసిన కాగితం, తెలుగులో చదివి వినిపించాలి, మీ అభ్యంతరం అందులో లేకపోతే అప్పుడే లేచి అడగండి, రేపు అడిగితే లాభం లేదు.

అయినా అనుమతి వచ్చేస్తే, అందులోని షరతులన్నీ చదవండి. చెన్నైలో పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణాది బెంచ్ ఉంది, అప్పీలుకు గడువు 30 రోజులే, ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే మరో 60 రోజులు ఇవ్వొచ్చు. 2024లో సుప్రీంకోర్టు బట్టమేక పక్షి కేసులో, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ కూడా రాజ్యాంగం ఇచ్చిన హక్కుల్లోకే వస్తుందని చెప్పింది, లాయరుతో మాట్లాడేటప్పుడు ఆ తీర్పూ ప్రస్తావించండి. అనుమతి వచ్చిందా అని మాత్రం కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్‌లో వారానికోసారి చూస్తూ ఉండమని ఊళ్లో ఒక కుర్రాడికి అప్పజెప్పండి, చాలా అప్పీళ్లు గడువు దాటిపోయే చెల్లకుండా పోతాయి.