గుంట గట్టున మొగలి

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

మీ గుంట గట్టున ఏం నాటాలని అడిగావు. నేను మొగలే నాటమంటాను. సింగరాయకొండ దాపున మీది ఇసుక నేల, వానకు గట్టు జారిపోతోందన్నావు. మొగలి ఊడలు దింపి ఇసుకను పట్టుకుంటుంది. నీళ్లలో కాస్త ఉప్పదనం ఉన్నా ఓర్చుకుంటుంది.

అన్నిటికంటే ముందు పిలక సంగతి. మొగలిలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. జడలో పెట్టుకునే, చీరల మడతల్లో దాచుకునే ఆ మొగలిరేకుల వాసన మగచెట్టుదే. ఆడచెట్టుకు అనాసపండు లాంటి కాయ వస్తుంది. పూత లేనప్పుడు రెండూ ఒక్కలాగే ఉంటాయి. అది తెలియక నేను నడివేసవిలో ఏదో పొదలోంచి ఆరు పిలకలు తెచ్చి పాత గుంట చుట్టూ నాటాను. నాలుగేళ్లు నీళ్లు మోశాం. మీ పెద్దమ్మ ప్రతి శ్రావణంలోనూ వెళ్లి చూసొచ్చేది. చివరికి అన్నిటికీ కాయలే. ఆమె ఒక్క మాట అనలేదు గానీ ఆనాటి ఆమె మొహం నాకింకా గుర్తుంది. అందుకే, పూసే కాలంలోనే వెళ్లి వాసన చూసి, ఆ చెట్టుకు గుడ్డపీలిక కట్టు. దాని పిలకే తెచ్చుకో. తల్లి మగదైతే పిలకా మగదే.

సెప్టెంబరులో నాటేయి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, అవి ముదిరేలోపు వేరు పట్టాలి. గుంట నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూసుకుని, ఆ గీతకు రెండడుగుల పైన గుంత తియ్యి. అడుగున్నర లోతు, పెంట ఎరువు రెండు బుట్టలు చాలు. పిలకకు నాలుగు ఊడలైనా ఉండాలి. ఆకులు సగానికి కోసి నాటితే వాడదు. మొక్కకూ మొక్కకూ ఎనిమిది తొమ్మిది అడుగులు వదులు. ఇప్పుడు బోసిగా కనిపిస్తుంది, తర్వాత అదే అల్లుకుంటుంది. మొదటి వేసవిలో గుంట అడుగుకు పోయి గట్టు ఎండుతుంది, వారానికి రెండుసార్లు నీళ్లు పోయాల్సిందే. ఆ తర్వాత నీ అవసరం దానికి పెద్దగా ఉండదు.

నీళ్లకు దిగే దారి పక్కన మాత్రం వద్దు. ఆకు రెండంచులా, వెనక ఈనె మీదా ముళ్లుంటాయి. పిల్లలు చీరుకుపోతారు. వాసనకు పాములొస్తాయని మీ అమ్మ భయపడుతుంది. వాసనకు కాదమ్మా, పొదలో చేరే ఎలకలకూ కప్పలకూ వస్తాయని చెప్పు. ఏటా ఎండాకులు కోసేసి మొదలు తేటగా ఉంచితే ఆ భయం తగ్గుతుంది. శివపూజకు పనికిరాదనీ అంటుంది. బ్రహ్మ పక్షాన అబద్ధపు సాక్ష్యం చెప్పిందని శాపం కదా. పూజకు కాకపోతే మానె, జడకుంటుంది.

మూడు నాలుగేళ్లకు పూత చూస్తావు. కొమ్మ కొసన లేతపసుపు రేకుల పొత్తి కనబడితే తెల్లారకముందే కొయ్యి. ఎండెక్కితే ఆ వాసన ఉండదు. ఒడిశాలో గంజాం జిల్లావాళ్లు ఇదే పువ్వుతో అత్తరు తీస్తారు, వాళ్లు కోసేదీ పొద్దున్నే.

కాయల చెట్లు తీసేశాక నేను నాటిన మగమొక్క ఇప్పుడు పొదైంది. నాలుగు పిలకలు నీకోసం ఉంచాను. భాద్రపదంలో రా, పొడుగు చేతుల చొక్కా వేసుకుని రా. పొత్తి విచ్చి ఉంటే మీ పెద్దమ్మ మీ అమ్మకు రెండు రేకులు ఇచ్చి పంపుతుందట.

మీ పెదనాన్న