బీపీ మాత్రల సంగతి తర్వాత, ముందు బీపీ సరిగ్గా చూశారా?

"మా నాన్నగారికి బీపీ. ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్లకుండా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే మాత్రలతో సరిపెట్టవచ్చా?" అని అడిగారు. నిక్షేపంగా సరిపెట్టవచ్చు. బీపీ తగ్గించే ఆమ్లోడిపిన్ మాత్ర ఎక్కడ తీసుకున్నా ఆమ్లోడిపినే. నన్నడిగితే అసలు తేడా బీపీ చూసే తీరులోనే ఉంది.

మా మామగారు గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా చేశారు. కిందటి వేసవిలో ఒక ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లారు. మెట్లెక్కి ఆయాసపడుతున్న మనిషికి చొక్కా మీదే పట్టీ చుట్టి, మాట్లాడిస్తూనే బీపీ చూశారు. పై అంకె 178 వచ్చింది. అప్పటికప్పుడు రెండో మాత్ర రాసేశారు. వారం తిరక్కుండానే ఆయన పొద్దున్నే మంచం దిగబోయి కళ్లు తిరిగి కూలబడ్డారు.

మా పేటలోని పట్టణ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాం. అక్కడి నర్సమ్మ వెంటనే పట్టీ చుట్టలేదు. "బాబాయిగారూ, కుర్చీలో వెనక్కి ఆనుకోండి. కాళ్లు నేల మీద పెట్టండి. ఐదు నిమిషాలు మాట్లాడవద్దు" అంది. తర్వాత చొక్కా చెయ్యి పైకి తీయించి, బల్ల మీద మడతపెట్టిన దుప్పటి వేసి, చెయ్యి గుండె ఎత్తుకు వచ్చేలా దాని మీద ఆనించి చూసింది. కాస్త ఆగి మళ్లీ చూసింది. పై అంకె 128. ఆయన్ను నిలబెట్టి చూస్తే 102కు పడిపోయింది! డాక్టరమ్మ రెండో మాత్ర ఆపించి, మొదటిది మాత్రం ఒక్కరోజు కూడా మానవద్దన్నారు. మళ్లీ కళ్లు తిరగలేదు.

అంత ఓపిగ్గా కొలిస్తే, మాత్రలు పెంచాల్సిన అవసరం సగం మందికి రాదని నా గట్టి నమ్మకం.

ఇంకొకటి. అంకె తగ్గగానే "నయమైపోయింది" అని మాత్ర మానేసేవాళ్లు మా వీధిలో ఇంటికొకరు. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే తగ్గిందయ్యా! పాదాలు వాచినా అంతే, చెప్పకుండా మానేస్తారు. ఆమ్లోడిపిన్‌తో కొందరికి అలా వాస్తుంది, చెబితే డాక్టరు మందు మారుస్తారు. ఇక ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపే అంటుంది. మనవాళ్లు కూరలో చిటికెడు తగ్గించి, పప్పులోకి ఆవకాయ, పెరుగన్నంలోకి ఊరమిరపకాయ వేసుకుంటారు. ఊరగాయ కంచంలో ఉండగా కూరలో తగ్గించి లాభమేమిటి?

ప్రభుత్వ కేంద్రాల మీద నాకున్న కోపం ఒక్కటే. కొన్నిచోట్ల పది రోజులకు సరిపడా మాత్రలిచ్చి మళ్లీ రమ్మంటారు. రోజుకూలీ మానుకుని ఎన్నిసార్లు వస్తారు? నెలకు సరిపడా ఒకేసారి ఇవ్వాలి.

మీ నాన్నగారిని తీసుకెళ్లేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న మాత్రల అట్టలు వెంట ఉంచుకోండి. వెళ్లేముందు అరగంట దాకా కాఫీ ఇవ్వకండి. నిలబెట్టి కూడా ఒకసారి బీపీ చూడమని మీరే అడగండి.