టెక్ సందేహాలు: పాత హెచ్‌టీఎంఎల్ పేజీలకు కొత్త అట్ట

ప్రశ్న: విజయవాడ ఏలూరు రోడ్డులో మాకు పుస్తకాల దుకాణం ఉంది. మా నాన్నగారు 2009 ప్రాంతంలో చేయించిన వెబ్‌సైటులో పుస్తకానికి ఒక హెచ్‌టీఎంఎల్ పేజీ చొప్పున 300కు పైగా పేజీలున్నాయి. ఈమధ్య దుకాణం పక్క వీధికి మారింది, ల్యాండ్‌లైన్ తీసేశాం. కానీ ప్రతి పేజీ అడుగునా పాత చిరునామా, పాత నంబరే ఉన్నాయి. సైటు మొత్తాన్ని వర్డ్‌ప్రెస్ అనే సైటు నిర్వహణ సాఫ్ట్‌వేరులోకి మార్చుకోమని తెలిసినవారు ఒకరు చెప్పారు. మేం ప్రచురించిన పుస్తకాల వెనక అట్టల మీద ఈ పేజీల వెబ్ చిరునామాలు అచ్చయి ఉన్నాయి కాబట్టి అవి మారకూడదు. పేజీలను ఒక్కొక్కటిగా తెరిచి దిద్దకుండా ఏదైనా మార్గం ఉందాండీ? మా హోస్టింగులో అపాచీ (పేజీలను పంపే సర్వరు ప్రోగ్రాము), పీహెచ్‌పీ (సర్వరు మీద నడిచే ప్రోగ్రామింగు భాష) ఉన్నాయట.

జవాబు: ఉందండి. పుస్తకం అట్ట చిరిగితే కొత్త అట్ట వేసి బైండు చేయిస్తారే గాని లోపలి ఫారాలను మళ్లీ కంపోజు చేయించరు గదా. మీ సైటుకు కావలసినదీ ఆ పనే. ప్రతి పేజీలోనూ పైన బ్యానరు, మెనూ, అడుగున చిరునామా, మధ్యలో ఆ పుస్తకం వివరాలు ఉంటాయి. వీటిలో మధ్యభాగం ఒక్కటే ఆ పేజీ సొంత సరుకు, మిగిలినదంతా అట్ట. ఆ అట్టను 300 చోట్ల విడివిడిగా అతికించి ఉంచడం వల్లనే ఇవాళ ఈ చిక్కు వచ్చింది. దాన్ని ఒకే ఫైలులో పెట్టి, ఎవరైనా పేజీ అడిగినప్పుడు సర్వరే ఆ అట్టను మధ్యభాగానికి తొడిగి పంపేలా చేస్తే, రేపు ఫోను నంబరు మళ్లీ మారినా ఒక్క ఫైలులో ఒక్క వరుస దిద్దితే సరిపోతుంది.

ఈ ఆలోచన పాతదే. వెబ్ తొలినాళ్లలో, అపాచీకి ముందున్న ఎన్‌సీఎస్‌ఏ సర్వరు రోజుల్లోనే ‘సర్వర్ సైడ్ ఇంక్లూడ్స్’ అనే సదుపాయం ఉండేది, ఇప్పటి అపాచీలోనూ అది ఉంది. పేజీలో కామెంటు (బ్రౌజరు చూపించని వ్యాఖ్య) రూపంలో ఒక వరుస రాస్తే సర్వరు ఆ చోట వేరొక ఫైలును తెచ్చి చేరుస్తుంది. పీహెచ్‌పీ కూడా ఇలాంటి ఇంటి అవసరం నుంచే వచ్చింది: రాస్మస్ లెర్డార్ఫ్ తన ఆన్‌లైన్ రెజ్యూమెను ఎందరు చూస్తున్నారో తెలుసుకోవడానికి 1994లో సీ భాషలో రాసుకున్న చిన్న ప్రోగ్రాములే 1995లో ‘పర్సనల్ హోమ్ పేజ్ టూల్స్’ పేరుతో బయటికి వచ్చాయి.

అయితే ఇంక్లూడ్ పద్ధతి మీకు నేరుగా పనికిరాదు. ఏ భాషలో చేసినా ప్రతి పేజీలోనూ పాత మెనూ తీసేసి ఆ వరుస చేర్చాలి, అంటే 300 పేజీలూ తెరవక తప్పదు. పైగా పీహెచ్‌పీ ఇంక్లూడ్ వాడడానికి మామూలుగా ఫైలు పేరు చివర హెచ్‌టీఎంఎల్ అన్నచోట పీహెచ్‌పీ అని మారుస్తారు. అలా మారిస్తే మీ అట్టల మీద అచ్చయిన చిరునామాలన్నీ చెల్లకుండా పోతాయి. ఎడిటర్‌లో ‘ఫైండ్ అండ్ రీప్లేస్’ కొట్టి అన్ని ఫైళ్లలో ఒకేసారి నంబరు మార్చవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. ఇవాళ్టికి గండం గడుస్తుంది, కాదనను. కానీ ఏళ్ల తరబడి పలువురి చేతుల్లో పడిన పేజీలలో ఒకచోట నంబరు మధ్య ఖాళీ, ఒకచోట అడ్డగీత ఉండి, కొన్ని తప్పించుకుంటాయి.

పీహెచ్‌పీలో ‘ఆటో ప్రీపెండ్ ఫైల్’, ‘ఆటో అపెండ్ ఫైల్’ అని రెండు సెట్టింగులు ఉన్నాయి (రాసేటప్పుడు మాటల మధ్య ఖాళీకి బదులు అండర్‌స్కోర్ పెట్టాలి). మొదటిది పీహెచ్‌పీ నడిపే ప్రతి పేజీకి ముందు ఒక ఫైలును, రెండోది చివర మరొక ఫైలును దానంతటదే చేరుస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది గాని, మీ పేజీలు ఇప్పటికే తల నుంచి పాదం వరకూ పూర్తి హెచ్‌టీఎంఎల్ కనుక, కొత్త బ్యానరు, పేజీ మొట్టమొదట ఉండవలసిన పాత డాక్‌టైపు వరుసకు పైన వచ్చి కూర్చుంటుంది, దాని కింద పాత బ్యానరు అలాగే ఉంటుంది. ఒక అట్ట మీద మరో అట్ట అన్నమాట. మధ్యభాగం మాత్రమే ఉన్న పేజీలకైతే ఇది చక్కని పద్ధతి. ఎవరైనా డాట్ యూజర్ డాట్ ఐఎన్‌ఐ అనే పీహెచ్‌పీ సెట్టింగుల ఫైలు ద్వారా దీన్ని పెట్టుకుంటే, మార్పు వెంటనే కనబడలేదని కంగారు పడవద్దు. పీహెచ్‌పీ ఆ ఫైలును మామూలుగా 300 సెకన్లకు ఒకసారి మాత్రమే మళ్లీ చదువుతుంది.

మీకు నేను చెప్పేది మరొక దారి. పాత పేజీలను ముట్టుకోకుండా ఉన్నచోటే ఉంచి, హెచ్‌టీఎంఎల్ పేజీ కోసం వచ్చే ప్రతి అభ్యర్థననూ అపాచీలోని ‘మాడ్ రీరైట్’ అనే దారి మళ్లించే సదుపాయం సాయంతో ఒకే ఒక పీహెచ్‌పీ స్క్రిప్టు చేతికి మళ్లించడం. దీనికి డాట్ హెచ్‌టీయాక్సెస్ అనే అపాచీ సెట్టింగుల ఫైలులో రెండు మూడు వరుసలు చాలు. తెనాలిలో ఒకరు పుస్తకం వెనక ఉన్న చిరునామాను ఫోనులో టైపు చేశారనుకోండి. అపాచీ ఆ పేరుగల ఫైలు నిజంగా ఉందని చూసుకుని, పనిని స్క్రిప్టుకు అప్పగిస్తుంది. స్క్రిప్టు ఆ పాత పేజీని డిస్కు మీది నుంచి చదివి, దానిలోని టైటిల్‌ను, మధ్యభాగాన్ని వేరుచేసి, రెండు ఖాళీలు వదిలి ఉంచిన కొత్త టెంప్లేటులో (అంటే మన అట్ట ఫైలులో) నింపి పంపుతుంది. ఈ మళ్లింపు సర్వరు లోపలే జరుగుతుంది కనుక తెనాలి పాఠకుడి బ్రౌజరులో చిరునామా అక్షరం కూడా మారదు.

మధ్యభాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో స్క్రిప్టుకు గుర్తు చెప్పడంలోనే అసలు శ్రమ ఉంది. అన్నీ ఒకే చేతి మీద తయారైన పేజీలైతే మెనూ పట్టిక ముగిసిన చోట ఏదో ఒక కామెంటు, కాకపోతే ఒక ఐడీ (ఆ భాగానికి కోడులో పెట్టిన పేరు), అన్నింటిలోనూ ఒకేలా దొరుకుతుంది. మొదటి ఏడాదివి రెండు, మధ్యకాలంవి రెండు, చివరివి రెండు పేజీలు తెరిచి సోర్సు పక్కపక్కన పెట్టి చూడకుండా ఆ గుర్తును ఖాయం చేయవద్దు. గుర్తు దొరకని పేజీ వస్తే స్క్రిప్టు సగం పేజీ పంపే బదులు పాత పేజీని ఉన్నదున్నట్టుగా పంపి, దాని పేరు ఒక లాగ్ ఫైలులో రాసుకునేలా చేయండి. ఆ లాగ్‌లో చేరే కొద్దిపాటి పేజీలను తీరిగ్గా చేత్తో సరిచేసుకోవచ్చు.

స్క్రిప్టు ఆ పాత ఫైలును డిస్కు నుంచి చదవాలే గాని వెబ్ చిరునామా ద్వారా తెచ్చుకోకూడదు; తెచ్చుకోబోతే ఆ అభ్యర్థన మళ్లీ అదే స్క్రిప్టుకు వచ్చి, అది మళ్లీ తననే పిలుచుకుంటూ సర్వరు కూలబడేదాకా తిరుగుతుంది. ఇంక్లూడ్‌తోనూ చదవవద్దు. పాత పేజీల్లో కొన్నింటి మొదటి వరుసలో ‘లెస్ దాన్’ గుర్తు, ప్రశ్నార్థకంతో మొదలయ్యే ఎక్స్‌ఎంఎల్ ప్రకటన ఉంటుంది, అవే గుర్తులతో కోడు మొదలుపెట్టనిచ్చే షార్ట్ ట్యాగులను అనుమతించిన సర్వరులో పీహెచ్‌పీ దాన్ని తన కోడే అనుకుని తప్పు చూపిస్తుంది. ఇక టెంప్లేటులోని బొమ్మలకు, సీఎస్‌ఎస్ అనే రూపురేఖల ఫైలుకు ఇచ్చే లింకులన్నీ స్లాష్‌తో మొదలుకావాలి, లేకపోతే ఉప ఫోల్డర్లలోని పేజీలకు బ్యానరు రాదు.

భద్రత గురించి ఒక మాట, ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. చాలా ఏళ్ల కిందట బెజవాడలోనే ఒక దుకాణం వారికి ఇలాంటి స్క్రిప్టు రాస్తూ, ఏ ఫైలు కావాలో చిరునామా చివర ప్రశ్నార్థకం తర్వాత ఇస్తే ఆ ఫైలును తెరిచేలా పెట్టాను. ఒక రాత్రి స్నేహితుడు ఫోను చేసి, ఫైలు పేరుకు ముందు రెండు చుక్కలు, స్లాష్ నాలుగైదుసార్లు కొట్టి, డేటాబేసు పాస్‌వర్డు ఉన్న ఫైలును నాకే చదివి వినిపించాడు. అందుకే అడిగిన పేరును ‘రియల్‌పాత్’ ఫంక్షనుతో అసలు దారిగా మార్చి, అది మీ పేజీల ఫోల్డరు లోపలే ఉందని, పేరు చివర హెచ్‌టీఎంఎల్ అని ఉందని రూఢి చేసుకున్నాకే తెరవాలి. అలా లేకపోతే ‘పేజీ లేదు’ అన్న సందేశంతోపాటు 404 అనే జవాబు సంకేతాన్ని కూడా పంపాలి. ‘పేజీ లేదు’ అని తెలుగులో అందంగా రాసి, సంకేతం మాత్రం 200 (అంతా సవ్యం) పంపితే, గూగుల్ దాన్నీ ఒక పేజీగానే లెక్కవేసే ప్రమాదం ఉంది.

వర్డ్‌ప్రెస్ చెడ్డదని నేను అనను. కానీ నెలకు రెండు పుస్తకాలు చేర్చే దుకాణానికి డేటాబేసు, ప్లగిన్లు, వారంవారం అప్‌డేట్లు అనవసరమైన బరువు. ముందుగా మొత్తం సైటును మీ కంప్యూటరులోకి కాపీ చేసుకుని, అక్కడ ప్రయత్నించి చూశాకే సర్వరు మీద పెట్టండి.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో డీటీపీ పని చేస్తూ వెబ్ పేజీలు కూడా తయారుచేస్తుంటాను. పాత పేజీలను, హెచ్‌టీఎంఎల్‌ను విడదీసి చదివే పీహెచ్‌పీ డామ్‌డాక్యుమెంట్‌తో చదివి టెంప్లేటులో పెడితే తెలుగు అంతా డిగ్రీ గుర్తులు, ప్లస్-మైనస్ గుర్తులుగా వస్తోంది. బ్యానరు పైన సన్నని తెల్ల గీత కూడా కనిపిస్తోంది. ఏం చేయాలి?

జవాబు: రెండు జబ్బులకూ కారణాలు వేరు. యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగులో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో) తెలుగు సంకేతం ఒక్కొక్కదానికి మూడు బైట్లు పడతాయి. ‘గుంటూరు’ అన్న మాటలో ఏడు సంకేతాలున్నాయి కనుక 21 బైట్లు. ఎన్‌కోడింగు ఏదో ముందుగా తెలియకపోతే డామ్‌డాక్యుమెంట్ పేజీని పాత లాటిన్ పద్ధతిదే అనుకుని, ఒక్కో బైటునూ ఒక్కో అక్షరంగా చదువుతుంది. తెలుగు సంకేతాల రెండో బైటును అలా చదివితే వచ్చేది డిగ్రీ గుర్తో, ప్లస్-మైనస్ గుర్తో అవుతుంది. మీకు కనిపిస్తున్నవి అవే. పేజీని దానికి ఇచ్చేముందు, యూటీఎఫ్-8 అని చెప్పే ఎక్స్‌ఎంఎల్ ప్రకటనను ముందు అతికించి ఇస్తే సరిపోతుంది. మీ హోస్టింగులో 2024 నవంబరులో వచ్చిన పీహెచ్‌పీ 8.4 ఉంటే, హెచ్‌టీఎంఎల్5 నియమాల ప్రకారం చదివే కొత్త క్లాసు అందులో ఉంది, అది వాడడం ఇంకా మేలు.

తెల్ల గీతకు కారణం బహుశా బీఓఎం, అంటే ఫైలు ఎన్‌కోడింగు ఏదో చెప్పే గుర్తు. పాత విండోస్ నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8గా సేవ్ చేసిన ఫైలు మొదట్లో కంటికి కనబడని మూడు బైట్లు చేరేవి. విడి పేజీలో అవి అపకారం చేయవు గాని, టెంప్లేటు ముక్కల మొదట్లో ఉంటే పేజీ మధ్యలోకి వచ్చి ఖాళీ సృష్టిస్తాయి. పీహెచ్‌పీ ఫైలు మొదట్లోనే ఉంటే ‘హెడర్లు అప్పటికే పంపబడ్డాయి’ అనే హెచ్చరిక కూడా వస్తుంది (హెడరంటే పేజీకి ముందు సర్వరు పంపే సమాచారం). ఎడిటరులో బీఓఎం లేని యూటీఎఫ్-8గా ఆ ఫైళ్లను మళ్లీ సేవ్ చేయండి.

మీరు డీటీపీ మనిషి కనుక మరొకటి చెప్పాలి. పాత పేజీలలో అను ఫాంట్లతో చేసినవి ఉంటే అవి యూనికోడ్ కావు. ఇంగ్లిషు సంకేతాల మీద తెలుగు బొమ్మలు అతికించినవి. అవి ఇన్నాళ్లూ పేజీలోని మెటా వరుస చెప్పిన ఎన్‌కోడింగుతో నడిచాయి. పీహెచ్‌పీ ద్వారా పంపగానే, 5.6 వెర్షను నుంచి, యూటీఎఫ్-8 అనే హెడరు దానంతటదే చేరుతుంది. బ్రౌజరు మెటా వరుస కంటే హెడరు మాటే వింటుంది, దాంతో అక్షరాలు చెదిరిపోతాయి. ఈ పేజీలను ముందు కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిగా వచ్చాయో లేదో కంటితో చూసుకుని, తర్వాతే టెంప్లేటులోకి తేవాలి. ఇక్కడ అడ్డదారి లేదు.

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం మాది. రేట్ల పేజీలను ఇలాగే పీహెచ్‌పీ టెంప్లేటులోకి మార్చాక సైటు నెమ్మదించింది. వెనక్కి వెళ్లిపోవాలా?

జవాబు: అక్కర్లేదు. విడి హెచ్‌టీఎంఎల్ ఫైలుకు అపాచీ ‘చివరిగా మారిన సమయం’ అనే హెడరును తానే పంపుతుంది, పేజీ మారకపోతే 304 (మారలేదు) అని చెప్పి ఊరుకుంటుంది. పీహెచ్‌పీ ఆ పని తానుగా చేయదు కాబట్టి ప్రతిసారీ పూర్తి పేజీ వెళుతోంది. లోపలి ఫైలు, టెంప్లేటు, ఈ రెండింటిలో ఏది తర్వాత మారిందో ఆ సమయాన్ని హెడరుగా పంపి, బ్రౌజరు దగ్గర అదే ప్రతి ఉంటే 304 ఇచ్చి స్క్రిప్టును అక్కడే ఆపండి. టెంప్లేటు సమయాన్ని లెక్కలోకి తీసుకోవడం చాలామంది మరిచిపోతారు. అప్పుడు ఫోను నంబరు మార్చినా పాత ఖాతాదారులకు పాత నంబరే కనిపిస్తూ ఉంటుంది. మీ రేట్లు రోజుకు ఒకసారే మారుతాయి కనుక, రేట్లు ఎక్కించాక అట్ట తొడిగిన పేజీని స్క్రిప్టుతోనే మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైలుగా రాయించి పెట్టుకున్నా చాలు, మర్నాటి దాకా పీహెచ్‌పీని లేపవలసిన పనే ఉండదు.