జేబులో పెట్టుకునే చాకు గురించి మేనల్లుడికి

అనంతపురం

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

పులివెందులలో డ్రిప్ కంపెనీ ఉద్యోగంలో చేరావని, తోటల వెంట తిరిగే పని కాబట్టి జేబులో ఉంచుకోవడానికి ఒక మడత చాకు కావాలని, ధర చేతికి అందేదిగా ఉండి పదేళ్లయినా మన్నాలని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నువ్వు పంపిన బొమ్మలు కూడా చూశాను. నల్ల రంగు పూసినది, సగం దూరం రంపపు పళ్లు ఉన్నది, పిడి చివర కారు అద్దం పగలగొట్టే ముల్లు ఉన్నది, బొత్తాం నొక్కితే బ్లేడు బయటికి దూకేది. నాయనా, వాటిలో ఒక్కటీ నీ పనికి వచ్చేది కాదు. చీనీ (బత్తాయి) తోటల్లోనూ నర్సరీల్లోనూ కత్తి చేతపట్టుకుని బతికినవాణ్ణి కనుక నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను, తీరికగా చదువు.

ముందు నువ్వు ఏమి కోస్తావో ఆలోచించు. చెట్ల వరుసల వెంట పరిచే పదహారు మిల్లీమీటర్ల లేటరల్ పైపులు, ఎరువుల బస్తాల కుట్టు దారం, పురికొస, పైపుల చుట్టలకు కట్టిన ప్లాస్టిక్ పట్టీలు, సామాను వచ్చిన అట్టపెట్టెలు, మధ్యాహ్నం పూట రైతు చేతికిచ్చే చీనీకాయ. ఇంతకు మించి ఏమీ ఉండదు, ఎందుకంటే పీవీసీ పైపు కోయడానికి హ్యాక్సా ఉంది, కొమ్మలు కత్తిరించడానికి సికేచర్ ఉంది. ఈ పనుల్లో దేనికీ మూడు అంగుళాలు దాటిన బ్లేడు అక్కరలేదు. లేటరల్ పైపు కోత నిటారుగా, నున్నగా తెగితేనే జాయినర్ బిగువుగా కూర్చుంటుంది. రంపపు పళ్లతో కోస్తే అంచు చీలికలు చీలికలుగా తయారై అక్కడినుంచి నీళ్లు కారుతాయి. పైగా ఆ పళ్లకు మామూలు సానరాయి మీద పదును పెట్టడం కుదరదు. కాబట్టి పళ్లు లేని సాదా అంచు ఉన్న చాకునే తీసుకో.

పొడవు విషయంలో ఇంకొక కారణం ఉంది. మన కడప, కర్నూలు, అనంతపురం సీమలో ఒకడి దగ్గర కత్తి ఉందంటే వినేవాళ్లు చీనీకాయ కోసుకోవడానికని అనుకోరు. ఆ చెడ్డపేరు వెనుక ఎంత చరిత్ర ఉందో నీకు నేను చెప్పనక్కరలేదు. చట్టం మాట చూస్తే, 1959 నాటి ఆయుధాల చట్టం కింద చేసిన నిబంధనలు 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడు ఉన్న కత్తులను ఆయుధాల జాబితాలో చేర్చి, ఇంటి అవసరాలకు, వ్యవసాయానికి, పరిశ్రమలకు తయారైన వాటిని మినహాయించాయి. నీ చాకు ఆ కొలతకు ఎంతో దూరంలో ఉంటుంది. కానీ చెక్‌పోస్టు దగ్గర నిలబడిన కానిస్టేబులు స్కేలు పెట్టి కొలవడు, చూడగానే ఏమనిపిస్తే దాన్నిబట్టి మాట్లాడతాడు. కర్రపిడి ఉన్న చిన్న చాకును చూస్తే తోటవాడని అనుకుంటాడు, నల్ల రంగు పూసి బొత్తాంతో ఎగిరే కత్తిని చూస్తే బండి పక్కకు పెట్టమంటాడు. ఎన్నికల రోజుల్లో, గొడవల సమయంలో వెనకటి 144 సెక్షన్ స్థానంలో 2024 జూలై నుంచి వచ్చిన 163 సెక్షన్ కింద ఆంక్షలు పెట్టినప్పుడు ఎంత చిన్న చాకైనా ఇంట్లో వదిలి వెళ్లు. కోర్టుకు, కలెక్టరు ఆఫీసుకు వెళ్లేటప్పుడు కూడా అంతే. విమానం ఎక్కవలసి వస్తే చేతిసంచిలో కాకుండా లోపలికి పంపే పెట్టెలో సర్దుకో.

ఇక ఉక్కు. అంగడివాళ్లు, ప్రకటనలవాళ్లు అన్నింటికంటే ఎక్కువ మాట్లాడేది దీని గురించే, కొనేవాడు అన్నింటికంటే ఎక్కువ మోసపోయేదీ ఇక్కడే. కార్బన్ ఉక్కు త్వరగా పదునెక్కుతుంది, కానీ తడి తగిలితే తుప్పు పడుతుంది, చీనీ రసంలోని పులుపు తగిలితే నిమిషాల్లో నల్లబడుతుంది. ఎండలో చెమటతో తడిసిన జేబులో పొద్దుగూకేవరకు ఉండే చాకుకు అది మంచిది కాదు. సాయంత్రం తుడిచి నూనె పూసే ఓపిక నీకు ఉంటుందని నేను అనుకోవడం లేదు. స్టెయిన్‌లెస్‌లోనూ తేడాలున్నాయి. 420 రకం పేరుతో వచ్చే చవక ఉక్కులో చాలావాటిలో కార్బన్ తక్కువ, అందుకే అది తుప్పు పట్టదు గానీ నాలుగు బస్తాలు విప్పేసరికి మొండిబారుతుంది. స్వీడన్‌లో తయారయ్యే 12సి27 అనే ఉక్కులో కార్బన్ సుమారు 0.6 శాతం, క్రోమియం 13.5 శాతం ఉంటాయి. పదును నిలవడానికి, తుప్పు ఆగడానికి, మళ్లీ సులువుగా సాన పట్టుకోవడానికి మూడింటికీ సరిపోయే పాళ్లు అవి. డి2 అని గొప్పగా చెప్పే ఉక్కులో కార్బన్ 1.5 శాతం దాకా ఉంటుంది కాబట్టి పదును చాలాకాలం నిలుస్తుంది, నిజమే. కానీ ఒకసారి పోయిందంటే మామూలు రాయి మీద దాన్ని మళ్లీ తెచ్చుకోవడానికి నీ ఆదివారమంతా సరిపోదు, పైగా అది పూర్తి స్టెయిన్‌లెస్ కూడా కాదు. పల్లెల్లో తిరిగేవాడికి పదును ఎక్కువ రోజులు నిలవడం కంటే, పోయిన పదును పావుగంటలో తిరిగి రావడమే ముఖ్యమని నా అభిప్రాయం. ఇంకొక మాట, చవక చాకు మీద ఏ ఉక్కు పేరు చెక్కినా నమ్మకు; ఇనుము మీద అక్షరాలు చెక్కడానికి పెద్ద ఖర్చు కాదు.

నా మటుకు ఉక్కు కంటే కీలు ముఖ్యం. మడత చాకు పాడయ్యేది నూటికి తొంభై పాళ్లు కీలు దగ్గరే. కొనేటప్పుడు చాకును పూర్తిగా తెరిచి, బ్లేడు వెన్నును బొటనవేలు చూపుడువేళ్లతో పట్టుకుని, అటూ ఇటూ, పైకీ కిందికీ మెల్లగా కదిపి చూడు. కొత్త చాకులోనే ఊగులాట కనిపిస్తే అది తగ్గేది కాదు, పెరిగేదే. తరువాత మూసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడు. బ్లేడు పిడి మధ్యలో పడుతోందా, ఒక పక్కకు ఒరిగి పిడిని రాసుకుంటోందా గమనించు. లాకు ఉన్నదైతే, తెరిచాక బ్లేడు వెన్నును ఒక చెక్క మీద రెండు మూడుసార్లు మెల్లగా తట్టు. ఆ మాత్రానికే లాకు జారిందంటే దాన్ని కిందపెట్టి అంగడి దిగిరా. ఇది చేసేటప్పుడు వేళ్లు మూసుకునే దారిలో ఉండకూడదని వేరే చెప్పాలా! లాకు లేకుండా వెన్ను స్ప్రింగుతో మాత్రమే నిలిచే చాకులు కూడా మంచివే, కానీ వాటితో పొడవకూడదు, లాగి కోయాలి. స్క్రూలతో బిగించిన కీలు అయితే వదులైనప్పుడు బిగించుకోవచ్చు, విప్పి దుమ్ము తుడుచుకోవచ్చు. రివిటు కొట్టినదానికి ఆ వీలు లేదు గానీ, బాగా కొట్టిన రివిటు అంత త్వరగా వదలదు.

పేర్లు చెప్పమంటే రెండే చెబుతాను. మొదటిది స్విట్జర్లాండ్‌కు చెందిన విక్టోరినాక్స్. కార్ల్ ఎల్సెనర్ 1884లో పెట్టిన కత్తుల కార్ఖానా అది, 1891 నుంచి ఆ దేశపు సైన్యానికి చాకులు ఇచ్చింది. మూసినప్పుడు 91 మిల్లీమీటర్లు ఉండే వాళ్ల చాకుల్లో తక్కువ పనిముట్లు ఉన్న స్పార్టన్ చాలు. అందులో పెద్ద బ్లేడు, చిన్న బ్లేడు, డబ్బా మూత తీసేది, సీసా మూత తీసేది, చిల్లులు పొడిచేది ఉంటాయి. బ్లేడుకు లాకు ఉండదు. ఆ ఉక్కు మరీ గట్టిది కాదు, కానీ తుప్పు పట్టదు, ఎవరు సాన పట్టినా పదునెక్కుతుంది. రెండవది ఫ్రాన్స్‌కు చెందిన ఒపినెల్. 1890లో మొదలైన ఈ చాకులో ఉన్నవి చెక్కపిడి, బ్లేడు, ఇరుసు, కంఠం దగ్గర రెండు ఇనుప కట్లు మాత్రమే. 1955లో చేర్చిన పై కట్టును తిప్పితే బ్లేడు కదలకుండా ఆగుతుంది. ఇంత సాదా వస్తువులో పాడవడానికి పెద్దగా ఏమీ లేదు. 7వ నంబరు బ్లేడు 8 సెంటీమీటర్లు, అంటే మూడు అంగుళాలకు రవ్వంత ఎక్కువ, నీకు అది చాలు. కార్బన్, స్టెయిన్‌లెస్ రెండు రకాలూ వస్తాయి, స్టెయిన్‌లెస్‌దే అడుగు. దాని పిడి బీచ్ కర్ర కాబట్టి తడిస్తే ఉబ్బి బ్లేడు బిగుసుకుంటుందని అందరూ అంటారు. వానలు దండిగా పడే చోట అది నిజమే, మన అనంతపురంలో ఆ భయం పెట్టుకోవడం కొంచెం నవ్వు తెప్పిస్తుంది. డ్రిప్ పైపు దగ్గర నీళ్లలో మాత్రం ముంచకు. రెండింటికీ దొంగ సరుకు ఉంది కాబట్టి, సగం ధరకు వస్తోందంటే సంతోషించకుండా అనుమానించు, బిల్లు ఇచ్చే చోటే కొను.

రెండూ ధర ఎక్కువనిపిస్తే మన కమ్మరి దగ్గరికి వెళ్లడంలో తప్పేమీ లేదు. లారీ కమాన్ కట్టల ముక్కతో కొట్టిన కత్తి గట్టిగా ఉంటుంది, ఆ ఉక్కు దెబ్బకు తట్టుకునేది. అయితే మన కమ్మరులు కొడవలి, గొడ్డలి చేయడంలో చేయి తిరిగినవాళ్లు, మడత కీలు వాళ్ల రోజువారీ పని కాదు. అందుచేత మడతది అడగకుండా, మూడు అంగుళాల నిలువు కత్తి, దానికొక తోలు ఒర చేయించుకుని పనిసంచిలో పెట్టుకో. తీసుకునేటప్పుడు అంచును వెలుతురులో చూడు. ఎక్కడైనా నీలం రంగు మచ్చ కనిపిస్తే గ్రైండింగ్ చక్రం మీద అక్కడ ఉక్కు కాలి మెత్తబడిందని అర్థం. ఆ చోట పదును నిలవదు. జాతరల్లో రాశి పోసి అమ్మే మెరుపు చాకుల గురించి రాయడం కాగితం దండగ.

చాకు మీద మిగిల్చిన డబ్బుతో ఒక సానరాయి కొనుక్కో. హార్డ్‌వేరు అంగట్లో ఒక వైపు గరుకు, ఒక వైపు నునుపు ఉన్న కార్బొరండం రాయి దొరుకుతుంది, అదే చాలు. రాయిని నీళ్లతో తడిపి, బ్లేడును రాయికి దాదాపు 20 డిగ్రీల వాలులో ఉంచి, రాయి మీదనుంచి పలచని పొర కోస్తున్నట్టుగా అంచు ముందుగా తోయాలి. అవతలి వైపు అంచు వెంబడి వేలికి సన్నని గరుకు తగిలేవరకు ఒకే వైపు రుద్ది, ఆ తరువాత రెండో వైపు మొదలుపెట్టు. గరుకు రాకముందే వైపు మార్చేవాళ్లే సాన కుదరడం లేదని ఫిర్యాదు చేస్తారు. చివర నునుపు వైపు మీద తేలికగా రెండు వైపులా తిప్పి, పాత తోలు బెల్టు లోపలి వైపున వెనక్కి లాగితే ఆ గరుకు రాలిపోతుంది. వీధిలో చక్రంతో సాన పట్టేవాడికి చిన్న చాకు ఇవ్వకు. వాడి చక్రం కొడవళ్లకు సరే, పలుచని బ్లేడును క్షణంలో కాల్చేస్తుంది, కొంత తినేస్తుంది కూడా.

కీలులోకి మన ఎర్రదుమ్ము చేరకుండా ఉండదు. బ్రష్షుతో దులిపి కుట్టుమిషను నూనె ఒక చుక్క వేస్తే సరిపోతుంది. శనగనూనె, కొబ్బరినూనె మాత్రం వేయకు, అవి కొన్నాళ్లకు జిగురై దుమ్మును పట్టి ఉంచుతాయి. చాకుతో స్క్రూలు తిప్పడం, నీటిచుక్కలు వదిలే ఎమిటర్లు పెకలించడం, మోటారు స్టార్టర్ దగ్గర కరెంటు తీగల తొడుగు ఒలవడం చేయకు. మొదటి రెండింటివల్ల పోయేది బ్లేడు మొన. తీగల దగ్గర అయితే, చాకు పిడి నీకు కరెంటునుంచి ఏ రక్షణా ఇవ్వదు.

చివరగా ఒక్క విషయం, తోటల మనిషిగా గట్టిగా చెబుతున్నాను. రైతు అడిగాడని అదే చాకుతో చీనీ చెట్టుకు అంటు కట్టకు, కొమ్మ కోయకు. చీనీలో కొన్ని తెగుళ్లు ఒక చెట్టు రసం అంటిన కత్తితోనే మరో చెట్టుకు పాకుతాయి; అందుకే నర్సరీలో చెట్టు మారినప్పుడల్లా కత్తిని బ్లీచింగ్ ద్రావణంలో ముంచి తీస్తాం, ఆ ద్రావణం స్టెయిన్‌లెస్‌ను కూడా తినేస్తుంది కనుక పని కాగానే మంచినీళ్లతో కడిగి తుడుస్తాం. అంటుకత్తికి పదును ఒక వైపే ఉంటుంది, దాని పనే వేరు. నీకు ఆ పని నేర్చుకోవాలని ఉంటే సంక్రాంతికి వచ్చినప్పుడు నా దగ్గర ఉన్న రెండు అంటుకత్తుల్లో ఒకటి ఇస్తాను, దానితో పైపులు కోయనని మీ అమ్మ ముందు మాట ఇస్తేనే.

ఇట్లు,
మీ మామ