చుట్టాల కబుర్లు అడగండి, చరిత్ర దానంతటదే వస్తుంది

మీ వంశంలో ఎన్ని తరాల సంగతులు తెలుసు, ఎక్కడెక్కడో ఉన్న చుట్టాల క్షేమ సమాచారాలు ఎలా తెలుస్తాయి అని అడిగారు. నాన్న వైపు ఐదు తరాలు తెలుసు, అమ్మ వైపు మూడు. ఎలా తెలుసంటే, మా మేనత్త వల్ల. చైతన్యపురిలో ఉంటుంది. వినోబా భావే పోచంపల్లికి వచ్చిన ఏడు పుట్టానంటుంది, అంటే 1951. మోకాళ్ళు సహకరించక గడప దాటడం తగ్గింది కానీ, సోలాపూర్ నుంచి డల్లాస్ దాకా మావాళ్ళలో ఎవరింట్లో ఏం జరిగినా ఒకటీ అరా తప్పితే సాయంత్రానికల్లా ఆమెకు చేరాల్సిందే.

నా అనుభవంలో, ముసలివాళ్ళ ముందు ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి "మన వంశ చరిత్ర చెప్పు" అంటే ఒక్కరూ చెప్పరు. "ఏముందిరా, మగ్గం నేసుకుంట బతికినం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అలా కాకుండా "భీవండి వాళ్ళ చిన్న పిల్లకు సంబంధం కుదిరిందట కదా" అని ఊరికే ఒక మాట వదిలి చూడండి. ఆ పిల్ల ఎవరి మనవరాలు, ఆ తాత ఎవరితో కొట్లాడి ఊరు విడిచాడు, ఆ కొట్లాట ఏ బర్రె మీద మొదలైంది, అన్నీ వాటంతటవే వస్తాయి. చరిత్ర కావాలంటే వార్తల వైపు నుంచి పోవాలి. ఇది రుజువైన విషయమా అంటే నాకైతే రుజువైంది.

భూములున్న వాళ్ళకు ఈ బాధ లేదు. తెలంగాణలో 1954-55 నాటి కాస్రా పహాణీ అనే భూముల రికార్డు తీస్తే పట్టాదారు ఎవరో, కాస్తులో (సాగులో) ఎవరున్నారో కనిపిస్తుంది. ఇంకా వెనక్కి పోవాలంటే శేత్వార్ అనే నిజాం కాలపు భూసర్వే రికార్డు ఉంది, ఉర్దూ చదివేవాళ్ళను పట్టుకోవాలి, అంతే. మేం పద్మశాలీలం, పోచంపల్లి పక్క ఊరు. గుంట మగ్గానికి పహాణీ ఎవడు రాస్తాడు? ఒకప్పుడు మా కులం కథలు పాడే కూనపులి వాళ్ళు వచ్చేవాళ్ళట. చేర్యాలలో వేయించిన బొమ్మల పటం చుట్ట విప్పి, మా మూలపురుషుడు భావనారుషి కథ, మార్కండేయ పురాణం రాత్రిళ్ళు పాడేవాళ్ళట. అది కులం మొత్తం కథ. మా ఇంటి కథ మాత్రం ఆడవాళ్ళ నోట్లోనే మిగిలింది.

రెండేళ్ళ కిందటి ముచ్చట చెప్తాను. సోలాపూర్ నుంచి ఒక కుర్రాడు మాదాపూర్‌లో ఇంటర్వ్యూకి వచ్చాడు. ఎవరి దగ్గరో నా నంబర్ సంపాదించి ఫోన్ చేశాడు. "మా ముత్తాతా మీ తాతా సొంత అన్నదమ్ములంట అంకుల్." వాడి తెలుగులో సగం మరాఠీ యాస. నాకు ముక్క అర్థం కాలేదు. అయినా చుట్టం అన్నాక రమ్మనకుండా ఎలా ఉంటాం? రాయదుర్గం నుంచి మెట్రో ఎక్కి ఉప్పల్‌లో దిగితే నేనే బండి మీద వెళ్ళి రామంతాపూర్‌లోని మా ఇంటికి తీసుకొచ్చాను. మా ఆవిడ కోడికూర, పచ్చిపులుసు చేసింది. వాడు కంచం ముందు కూర్చోగానే నేను చైతన్యపురి అత్తమ్మకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను.

ఆమె "బాగున్నవా" కూడా అనలేదు. ఇంటిపేరు అడిగింది, గోత్రం అడిగింది, వాళ్ళమ్మ పుట్టిల్లు అడిగింది. తర్వాత, "మీ బాపు ఏ ఏట పుట్టిండు?" వాడు చెప్పాడు. "అయితే నీ ముందర కూసున్నోడు నీకు అంకుల్ గాదు, పెద్దబాపు. అంకుల్ గింకుల్ అనకు." నా జుట్టు ఇంకా నల్లగానే ఉంది, ఒక్క నిమిషంలో ఇరవై మూడేళ్ళ కొడుకు వచ్చి పడ్డాడు. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇక సోలాపూర్ సమాచారం మొదలైంది. పవర్‌లూమ్‌లు ఇంకా నడుస్తున్నాయా, మీ తాత బీడీలు మానేశాడా, చిన్నాయన ఇల్లు కట్టడం అయిపోయిందా. వాడు ముద్ద నోట్లో పెట్టుకునేలోపే ఇంకో ప్రశ్న. ఆ ఊపులోనే అడిగింది: "మీ తాతకు అక్క ఉండె గదా, మా పెద్దక్క. మంచిగున్నదా?"

వాడు తింటున్న చెయ్యి ఆపేశాడు. "ఆమె పోయిన దసరా ముందర చనిపోయింది అవ్వా."

ఫోన్‌లోంచి ఒక్కసారిగా కేక. "సచ్చిపోయిందా? సచ్చిపోతే సెప్పరా? మేం సచ్చినమనుకున్నరా?" వాడికి చెమటలు పట్టాయి. వాడి తప్పేముంది పాపం, అప్పటికి మేం ఎవరమో కూడా వాడికి తెలియదు. అత్తమ్మ తిట్టడం ఆపి, "ఆగుండ్రి, తానం చేసి మళ్ల చేస్త" అని ఫోన్ పెట్టేసింది. నిజంగానే తలస్నానానికి పోయింది. పెళ్ళి చేసి ఇచ్చేసిన ఆడపిల్లే అయినా సొంత చిన్నాయన బిడ్డ. చావు కబురు ఎప్పుడు చెవిన పడితే అప్పుడు స్నానం చేయాలి, ఏడాది దాటినా సరే. మోకాళ్ళ నొప్పులతో ఆ రాత్రి తొమ్మిదింటికి ఆమె నీళ్ళు పోసుకుంటుంటే, ఇక్కడ మేం ముగ్గురం తినాలో ఆగాలో తెలియక కంచాల వైపు చూస్తూ కూర్చున్నాం.

అరగంటకు మళ్ళీ ఫోన్. గొంతు మామూలుగానే ఉంది. ఏం జబ్బు, ఏ దవాఖాన, చివర్లో ఎవరు చూసుకున్నారు, పుట్టింటి చీర ఎవరు పెట్టారు, ఒక్కటీ వదల్లేదు. ఆ తర్వాత వయసు దగ్గర పేచీ వచ్చింది. కుర్రాడు ఆధార్ ప్రకారం డెబ్బై దాటిందన్నాడు. "ఆధార్ మొఖం! అది నా కంటె ఐదేండ్లు పెద్దది" అంది. ఆధార్ మీద నాకూ కోపమే. మావాళ్ళలో ముసలివాళ్ళంతా కూడబలుక్కున్నట్టు జనవరి ఒకటిన పుట్టినవాళ్ళే. కార్డు రాసినవాడు "ఏదో ఒకటి చెప్పమ్మా" అంటే ఆమె ఏం చెబుతుంది?

ఇదిగో, అసలు చరిత్ర బయటపడింది ఇక్కడే. చిన్న తాత రజాకార్ల భయంతో సోలాపూర్ పారిపోయాడని మా ఇంట్లో మగవాళ్ళంతా చెప్తారు. నేనూ చిన్నప్పటి నుంచి అదే విన్నాను. అత్తమ్మ ఆ కథని రెండు వాక్యాల్లో కొట్టిపారేసింది. రజాకార్లను అణచిన పోలీస్ యాక్షన్ జరిగింది 1948 సెప్టెంబర్‌లో, వాళ్ళ దౌర్జన్యాలు ముదిరింది దానికి ముందు ఏడాదిలోనే. అప్పటికి అత్తమ్మ సొంత అక్క అడుగులు వేస్తున్న పిల్ల అని మా బాపమ్మ చెప్పేదట. సోలాపూర్‌లో పుట్టిన ఈ పెద్దక్క ఆ అక్క కంటే కూడా పెద్దది. అంటే చిన్న తాత 1946 నాటికే అక్కడ ఉన్నాడు! మరి ఎందుకు పోయాడు? "నూలు దొరకక. యుద్ధం దినాలల్ల నూలు కంట్రోలు పెట్టిండ్రు, మగ్గం గుంతల ఎలుకలు తిరిగినయట. ఉన్న ఒక్క మగ్గం మీద అన్నదమ్ములు ఇద్దరు ఎట్ల బతుకుతరు? కొట్లాడి పోయిండు."

లెక్క సరిగ్గానే ఉంది. సోలాపూర్ అప్పుడు నిజాం ఇలాకాలో లేదు, బొంబాయి ప్రెసిడెన్సీలో ఉండేది. అక్కడ మిల్లులున్నాయి, మార్కండేయ స్వామి గుడి ఉంది, వీధికి వీధే తెలుగు మాట్లాడే సాలెవాళ్ళు ఉన్నారు. సికింద్రాబాద్ నుంచి వాడి జంక్షన్ దాకా 1874 లోనే రైలు పడింది, ఆ జంక్షన్ నుంచి సోలాపూర్ బొంబాయి దారిలోనే. రజాకార్ల దౌర్జన్యాలు మా వైపు ఎంతమందిని ఊళ్ళు విడిపించాయో నాకు తెలియనిది కాదు. కానీ మా చిన్న తాత మాత్రం నూలు కోసం, కోపంతో పోయాడు. అన్నదమ్ముల కొట్లాట అని చెప్పుకోవడానికి సిగ్గుపడి మా మగవాళ్ళు రజాకార్లను తెచ్చి అడ్డం పెట్టారని నా గట్టి నమ్మకం. ఇంకెవరి దగ్గరా అడగను కూడా.

సందర్భం వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. అమెరికాలో ఉన్న మా బాబాయి కొడుకు ఏదో యాప్‌లో వంశవృక్షం తయారు చేసి పంపాడు. రంగులవీ బాగానే ఉన్నాయి. అందులో ఐదు తరాల మగవాళ్ళున్నారు, ఆడపిల్ల ఒక్కతి లేదు. చనిపోయిన ఆ పెద్దక్క లేదు, అత్తమ్మ కూడా లేదు. "మరి ఈ పేర్లన్నీ నీకు చెప్పిందెవరు" అంటే "అత్తమ్మనే" అన్నాడు.

ఇక మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్ సంగతి ఎత్తకపోతేనే మంచిది. పొద్దున లేస్తే గులాబీ పూలు, శుభోదయాలు. మా పెద్దబావకు స్టెంట్ వేశారని అందులో ఎవరూ రాయలేదు, కానీ ఆ రోజు ఉల్లిపాయ రసంతో గుండె జబ్బు నయమవుతుందని మూడు మెసేజులు వచ్చాయి. ఎవరైనా పోతే చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడతాయి, ఎక్కడికి రావాలో, దశదిన కర్మ ఎప్పుడో మాత్రం ఎవరూ చెప్పరు. దానికి మళ్ళీ అత్తమ్మకే ఫోన్ చేయాలి. ఫంక్షన్ హాళ్ళు కూడా ఒక దరిద్రం. ఇంటి ముందు పందిరి వేసి పెళ్ళి చేసిన రోజుల్లో చుట్టాలు మూడు రోజులుండి అన్నీ మాట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడు కొంపల్లిలో పెళ్ళంటే రామంతాపూర్ నుంచి ట్రాఫిక్‌లో ఈదుకుంటూ పోయి, స్టేజీ మీద ఫోటో దిగి, అన్నం తిని రావడమే. పక్క కుర్చీలో కూర్చున్నవాడు మామయ్యో బావమరిదో కూడా తెలియదు.

సోలాపూర్ కుర్రాడికి ఆ ఉద్యోగం రాలేదు. ఆర్నెల్లకు నాచారంలో ఇంకొకటి వచ్చింది. ఆదివారాలు మా ఇంటికో చైతన్యపురికో వస్తాడు, తెలుగు కాస్త దారికొచ్చింది. వాళ్ళ తాత పోయిన సంక్రాంతికి ఇక్కడికి వచ్చి అత్తమ్మ ఇంట్లో నాలుగు రోజులున్నాడు. వచ్చినప్పటి నుంచి పోయేదాకా అక్కాతమ్ముళ్ళు ఆ ఒక్క మగ్గం ఎవరికి చెందాల్సిందో వాదించుకుంటూనే ఉన్నారు. ఇప్పుడు ఆమె ఈ కుర్రాడికి సంబంధాలు చూస్తోంది. చౌటుప్పల్ వైపు నుంచి ఒక మంచి సంబంధం వచ్చింది. పిల్ల బ్యాంకులో చేస్తోంది, అందరికీ నచ్చింది, అత్తమ్మ ఒక్కతే వద్దంటోంది. ఆ పిల్ల అమ్మమ్మ చెల్లెలికీ మా పెద్ద తాత ఇంటికీ ఒకప్పుడు ఏదో నిశ్చయమై తప్పిపోయిందట. ఆ కథ సగం విన్నాను, మిగతా సగం ఈ ఆదివారం చెప్తానంది.