వాలాండర్ సిరీస్ ఐదో పుస్తకంతో మొదలుపెట్టొచ్చా?

స్వీడిష్ రచయిత హెన్నింగ్ మాంకెల్ రాసిన ఇన్‌స్పెక్టర్ వాలాండర్ డిటెక్టివ్ నవలల్లో ఐదోదైన 'సైడ్‌ట్రాక్డ్' మీకు దొరికిందనీ, అన్నిట్లోకీ అదే బాగుంటుందని విన్నాననీ, దాంతోనే మొదలుపెట్టొచ్చా అనీ అడిగారు. వద్దండి. దాన్ని పక్కన పెట్టి ముందు సిరీస్‌లో మొదటిదైన 'ఫేస్‌లెస్ కిల్లర్స్' సంపాదించుకోండి. నేను ఈ సిరీస్ మొత్తం వరసలో చదివాను. మా ఆఫీసులో ఒక మిత్రుడు మీరనుకుంటున్నట్టే ఐదోదాంతో మొదలుపెట్టాడు. తర్వాత ఇద్దరం మాట్లాడుకుంటే వేరేవేరే పుస్తకాలు చదివామా అనిపించింది.

'సైడ్‌ట్రాక్డ్' గొప్ప నవల, అందులో సందేహం లేదు. 2001లో బ్రిటన్‌లో క్రైమ్ నవలలకిచ్చే గోల్డ్ డాగర్ అవార్డు వచ్చింది. కేసు వరకూ అయితే ముందువి చదవకపోయినా అర్థమవుతుంది. కానీ అందులో వాలాండర్ వాళ్ల నాన్న తనకి మతిమరుపు జబ్బు మొదలైందని చెప్పి, అన్నీ మర్చిపోయేలోపు ఇటలీ చూడాలని అడుగుతాడు. మా మిత్రుడికి ఆ పేజీలు సాగదీతలా అనిపించాయట, గబగబా తిప్పేశాడు. నేను అక్కడ పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఎందుకంటే ఆ ముసలాయన నాకు మొదటి పుస్తకం నుంచీ తెలుసు. జీవితమంతా ఒకే దృశ్యాన్ని పెయింటింగ్ వేస్తుంటాడు. కొన్నిట్లో అడవికోడి ఉంటుంది, కొన్నిట్లో ఉండదు, అంతే తేడా. కొడుకు పోలీసు ఉద్యోగంలో చేరినందుకు ఏళ్లు గడిచినా క్షమించడు. వాళ్లిద్దరూ మాట్లాడుకునే ముక్తసరి ఫోన్ మాటలు చదువుతుంటే నాకు మా ఇల్లే గుర్తొచ్చింది. అలాంటి మనిషి నోరు తెరిచి అడిగాడంటే ఎంత పెద్ద విషయమో, నాలుగు పుస్తకాలు దాటి వచ్చినవాళ్లకే తెలుస్తుంది.

మొదటి పుస్తకం 1991లో స్వీడిష్‌లో వచ్చింది. ఆఫ్రికాలో చాలాకాలం గడిపి స్వదేశానికి వచ్చిన మాంకెల్‌కి అక్కడ వలస వచ్చినవాళ్ల మీద పెరుగుతున్న ద్వేషం కనిపించింది. దాని గురించి రాయాలనుకున్నప్పుడే ఈ పోలీసు పాత్ర పుట్టింది. కథ 1990 జనవరిలో, దక్షిణ స్వీడన్‌లోని ఈస్టాడ్ అనే చిన్న ఊరి చుట్టూ నడుస్తుంది. ఒక ముసలి రైతుకి అర్ధరాత్రి మెలకువ వస్తుంది. ఏదో తేడాగా ఉంది, ఏమిటో అర్థం కాదు. పక్కింటి గుర్రం సకిలించడం లేదని కాసేపటికి తడుతుంది. ఆ పక్కింట్లో వృద్ధ దంపతుల మీద ఘోరమైన దాడి జరిగింది. భార్య ఆసుపత్రిలో చనిపోయేముందు 'విదేశీ' అన్న ఒక్క మాట అంటుంది. ఆ మాట పత్రికలకి పొక్కుతుంది. ఇక ఊళ్లోని శరణార్థుల మీద దాడులు మొదలవుతాయి. కేసు తేలడానికి నెలలు పడుతుంది.

వాలాండర్‌కి అప్పుడు నలభై దాటాయి. భార్య వదిలి వెళ్లి కొన్ని నెలలైంది, కూతురు సరిగా మాట్లాడదు. దొరికింది తిని ఒళ్లు పెంచుకుంటాడు, కారులో ఒపెరా వింటాడు. ఒక రాత్రి తాగి బండి నడుపుతూ సొంత స్టేషన్ పోలీసులకే దొరికిపోతాడు. వాళ్లు కేసు రాయకుండా వదిలేస్తారు. ఆ తర్వాత అతను పడే సిగ్గు చూడండి, అక్కడే నాకు ఈ మనిషి మీద నమ్మకం కుదిరింది. తాగుడూ ఒంటరితనమూ ఉన్న డిటెక్టివ్‌లు చాలామందే ఉన్నారు. వాలాండర్ కష్టాలు మాత్రం పుస్తకం అయిపోగానే చెరిగిపోవు. మూడోదాంట్లో అతను చేయాల్సి వచ్చిన ఒక పనికి నాలుగోదాంట్లో నెలల తరబడి సెలవులో ఉండి, ఇక ఉద్యోగం మానేద్దామనుకుంటాడు. అదేమిటో తెలియకుండా నాలుగోది చదివితే ఊరికే దిగులు మనిషిలా కనిపిస్తాడు.

వరస గురించి ఒక జాగ్రత్త. ఇంగ్లిష్ అనువాదాలు వెనకాముందుగా వచ్చాయి. నాలుగోదైన 'ద మ్యాన్ హూ స్మైల్డ్' స్వీడిష్‌లో 1994లో వస్తే, ఇంగ్లిష్‌లో 2005 దాకా రాలేదు. అప్పటికి ఎనిమిదోది కూడా ఇంగ్లిష్‌లో వచ్చేసింది. అందుకని లోపల ముద్రించిన ఇంగ్లిష్ సంవత్సరం కాకుండా స్వీడిష్ మూలం ఎప్పటిదో చూడండి. 'ఫేస్‌లెస్ కిల్లర్స్', 'ద డాగ్స్ ఆఫ్ రీగా', 'ద వైట్ లయనెస్', 'ద మ్యాన్ హూ స్మైల్డ్', తర్వాత మీ దగ్గరున్నది. ఆపైన 'ద ఫిఫ్త్ ఉమన్', 'వన్ స్టెప్ బిహైండ్', 'ఫైర్‌వాల్'.

రెండోది నాకు అంత నచ్చలేదు. లాత్వియా వెళ్లాక కథ నమ్మశక్యంగా ఉండదు. అయినా దాటెయ్యకండి, అందులో పరిచయమయ్యే బైబా తర్వాత చాలాకాలం అతని జీవితంలో ఉంటుంది. మూడోది సగం దక్షిణాఫ్రికాలో నడుస్తుంది, ఓపిక పట్టాలి. పోలీసుల పేర్లు మొదట్లో కలగాపులగం అవుతాయి. ఒక చీటీ మీద రాసి పెట్టుకుంటే సరిపోతుంది. స్వెడ్‌బెర్గ్ అన్న పేరు కనిపించినప్పుడు కొంచెం శ్రద్ధ పెట్టండి, ఎందుకో ఏడోదాంట్లో తెలుస్తుంది.

'ద పిరమిడ్'లో అతని కుర్రతనం నాటి కేసులున్నాయి కాబట్టి ముందు అదే చదవమని కొందరు అంటారు. నేనైతే ఎనిమిదీ అయ్యాకే చదవమంటాను. మనిషి బాగా తెలిశాకే అవి రుచిస్తాయి. 2009 నాటి 'ద ట్రబుల్డ్ మ్యాన్' మాత్రం కచ్చితంగా చివరికే ఉంచుకోండి, వెనక అట్ట కూడా చదవకండి. కెన్నెత్ బ్రానా నటించిన బీబీసీ సీరియల్ బాగుంటుంది గానీ 2008లో అది మొదలైందే 'సైడ్‌ట్రాక్డ్' కథతో. కనీసం అయిదు పుస్తకాలు అయ్యేదాకా దాని జోలికి వెళ్లకండి.